ఫిర్యాదు వినేది ఎవరు?

కాలేజీలో ఒక అమ్మాయికి అన్యాయం జరిగిందని తెలిసిన మరుక్షణం మన సంస్థల్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి, "గొడవ పెద్దది కాకుండా చూడండి" అని. రెండోది, "వాణ్ణి ఇవాళే వెళ్లగొట్టండి" అని. మొదటిది ఆఫీసు గదిలోంచి వస్తుంది, రెండోది గేటు దగ్గర గుమిగూడిన విద్యార్థుల్లోంచి వస్తుంది. ఈ రెంటికీ మధ్య మూడో పని ఒకటుంది. ఫిర్యాదును కాగితం మీద తీసుకుని, ఇరుపక్షాలనూ పిలిచి, గడువులోపల విని, కారణాలు రాసి తేల్చడం. విశ్వవిద్యాలయమన్నాక చేతనై ఉండవలసిన పని అది. పరీక్ష పేపర్లు దిద్దడంలో మనం పాటించే శ్రద్ధలో సగం ఇక్కడ పాటించినా చాలు. కాని అదే అన్నిటికంటే అరుదుగా జరుగుతుంది.

సంచిక సంపాదకవర్గం వారు నన్ను "స్త్రీల భద్రత" మీద ఏదైనా రాసిమ్మన్నారు. భద్రత అనే ఆ మాటతోనే నాకు కొంత పేచీ ఉంది. అది తర్వాత చెబుతాను. పొలిటికల్ సైన్సు చెప్పుకునేవాణ్ణి గనక, నియమాలు ఎలా పుట్టాయి, వాటిలో ఏముంది, అవి ఎక్కడ విరిగిపోతున్నాయి అన్నంతవరకు నా పాఠం.

ముందు పేరు సంగతి. చాలాకాలం మన కాలేజీల్లో దీన్ని "ఈవ్ టీజింగ్" అన్నారు. తెలుగులో అయితే "అమ్మాయిల్ని ఏడిపించడం" అన్నారు. ఈ తెలుగు మాటను కాస్త ఆగి చూడండి. మరదల్ని బావ ఏడిపిస్తాడు, చిన్నపిల్లల్ని మేనమామ ఏడిపిస్తాడు, ఊరంతా నవ్వుతుంది. సిటీ బస్సులో ఎవడో మీద చెయ్యి వేస్తే అదీ ఏడిపించడమే. రికార్డు మీద సంతకం పెట్టాలంటే సాయంత్రం ఒంటరిగా గదికి రమ్మన్న మాస్టారిదీ ఏడిపించడమే. నిజంగా ఏడ్చినవాళ్ల లెక్క ఆ మాటలో ఎక్కడా లేదు. సరైన పేరు లేని నేరాన్ని ఫిర్యాదు కాగితంలో రాయడం ఎవరి వల్లా కాదు.

ఇప్పుడు చట్టంలో ఉన్న "లైంగిక వేధింపు" అన్న మాటకు ఇంగ్లీషు మూలం ఒక విశ్వవిద్యాలయంలోనే వాడుకలోకి వచ్చిందన్న సంగతి చాలామందికి తెలియదు. 1975లో అమెరికాలోని కార్నెల్ యూనివర్శిటీలో ఆఫీసు ఉద్యోగిని ఒకామె, ఒక ప్రొఫెసర్ ప్రవర్తన భరించలేక ఉద్యోగం మానుకుంది. నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టింది. వ్యక్తిగత కారణాలతో మానుకున్నావు గనక భృతి రాదన్నారు. అక్కడి స్త్రీలు కొందరు ఆమె పక్షాన కూడి, ఇంతకీ మనందరికీ జరుగుతున్నదానికి పేరేమిటి అని తర్జనభర్జన పడి "సెక్సువల్ హెరాస్‌మెంట్" అన్న మాట దగ్గర ఆగారు. అదే ఏడాది మే నెలలో బహిరంగ సభ పెట్టి ఎవరి అనుభవం వాళ్లు చెప్పుకున్నారు. "వ్యక్తిగత కారణాలు" అన్న ఆ ముద్రను గుర్తుంచుకోండి. మన దగ్గర కూడా అది కనబడుతుంది.

రెండేళ్లకు, 1977లో, యేల్ యూనివర్శిటీ మీద కొందరు విద్యార్థినులు కోర్టుకెక్కారు. వేధించిన మనుషుల్ని జైల్లో పెట్టమని కాదు వాళ్లు అడిగింది. ఇటువంటి ఫిర్యాదు ఇవ్వడానికి యూనివర్శిటీలో ఒక పద్ధతి లేదు, అది లేకపోవడమే స్త్రీలపట్ల వివక్ష అన్నారు. 1980లో అప్పీలు కోర్టులో వాళ్లు ఓడిపోయారు. అందుకు చెప్పిన కారణాలలో రెండు: వాళ్ల చదువు అయిపోయింది, పైగా ఈలోపు యేల్ యూనివర్శిటీ ఫిర్యాదుల పద్ధతి ఒకటి ఏర్పాటు చేసుకుంది. దావాలో ఓడినా, అడిగింది దొరికింది.

మన సంగతికి వద్దాం. ఆంధ్రదేశంలో ఇది కొత్త విషయమేమీ కాదు. 1970ల మధ్యలో హైదరాబాదులో పి.ఓ.డబ్ల్యు. అన్న పొడి అక్షరాలతో విద్యార్థినులు పెట్టుకున్న సంఘం, ఈవ్ టీజింగ్ మీదా వరకట్నం మీదా ప్రచారం చేసింది. 1978లో నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక స్త్రీ మీద అత్యాచారం జరిగి, ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోయిన ఘటన మీద నగరం అట్టుడికిపోయింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. తరవాత కోర్టులో నిందితులు విడుదలయ్యారు. స్త్రీ శక్తి సంఘటన పుట్టిందీ ఆ ఏడాదే. 1985లో హైదరాబాదులో అన్వేషి అనే స్త్రీ అధ్యయన కేంద్రం వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అధ్యాపకులు చేసిన పని ఒకటి చెప్పుకోవాలి. మహారాష్ట్రలో 1972లో పోలీసు స్టేషను ఆవరణలో ఒక గిరిజన బాలిక మీద జరిగిన అత్యాచారం కేసులో, 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ విడుదల చేసింది. ఒంటిమీద గాయాలు లేవు, ప్రతిఘటించినట్లు లేదు అన్నది దాని తర్కం. 1979 సెప్టెంబరులో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు (ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్) దేశ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అన్న సంగతిని ఆ లేఖ దేశం ముందు పెట్టింది. 1983లో అత్యాచార చట్టం మారింది. తమ కేంపస్‌లోని ఫిర్యాదు సంగతి వచ్చేసరికి ఇదే వృత్తివాళ్లం ఎందుకు నీళ్లు నములుతామన్నది వేరే అధ్యయనం చెయ్యదగ్గ విషయం.

కేంపస్‌లకు సూటిగా తగిలిన తీర్పు 1997 ఆగస్టు 13 నాటి విశాఖ తీర్పు. మన విశాఖపట్నం కాదు, రాజస్థాన్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థ పేరది. అక్కడ బాల్య వివాహాన్ని ఆపబోయిన ప్రభుత్వ పథక కార్యకర్త మీద 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. ఉద్యోగధర్మం చేస్తూ ఉండగా వచ్చిన ఆపదకు యజమాని బాధ్యత ఏమిటని స్త్రీ సంఘాలు సుప్రీంకోర్టును అడిగాయి. ప్రధాన న్యాయమూర్తి జె.ఎస్. వర్మ, సుజాతా మనోహర్, బి.ఎన్. కిర్పాల్ గార్ల ధర్మాసనం, పార్లమెంటు చట్టం చేసేదాకా ఇవే నియమాలు అని కొన్ని ఇచ్చింది. ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దానికి స్త్రీ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో సగానికి తగ్గకుండా స్త్రీలుండాలి, పైనుంచి వచ్చే ఒత్తిడికి విరుగుడుగా బయటి మనిషి ఒకరుండాలి. ఈ చివరి నియమాన్ని చూస్తే న్యాయమూర్తులకు మన ఆఫీసుల తీరు బాగానే తెలుసనిపిస్తుంది.

విశాఖ తీర్పును శ్రద్ధగా తీసుకున్న చోట్లలో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఒకటి. 1999లో అక్కడ పెట్టిన కమిటీని జి.ఎస్.కాష్ అనేవారు. దాని ప్రత్యేకత ఏమంటే, అందులో విద్యార్థుల, అధ్యాపకుల, ఉద్యోగుల ప్రతినిధులు ఎన్నికై వచ్చేవారు. ఉపకులపతి పిలిచి కూర్చోబెట్టినవాళ్లు కారు గనక ఆయన ముఖం చూడవలసిన పని వాళ్లకు లేదు. 2017 సెప్టెంబరులో విశ్వవిద్యాలయం దాన్ని తీసేసి, కొత్త చట్టం ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీని పెట్టింది. చట్టానికి అనుగుణంగా మార్చామన్నారు పాలకులు. స్వతంత్రంగా ఉన్నదాన్ని చేతికిందికి తెచ్చుకున్నారన్నారు విద్యార్థులు, అధ్యాపకులు. నా ఓటు రెండో పక్షానికే.

ఎందుకో చెప్పాలంటే జస్టిస్ వర్మ గారి దగ్గరకే మళ్లీ వెళ్లాలి. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సు ఘటన తరవాత ఆయన నాయకత్వాన లీలా సేథ్, గోపాల్ సుబ్రమణ్యం గార్లతో కమిటీ వేశారు. సుమారు 80 వేల సూచనలు వచ్చాయి. 2013 జనవరి 23న నివేదిక ఇచ్చేశారు. ఈ నివేదికలో వర్మ గారు, 16 ఏళ్ల కిందట తాను నిలబెట్టిన అంతర్గత కమిటీ పద్ధతి చాలదన్నారు. ఇంటి గుట్టు ఇంట్లోనే అన్నట్లుగా సంస్థలోపలే విచారణ జరిగితే స్త్రీలు ముందుకు రారు, బయట ఒక ట్రిబ్యునల్ ఉండాలి అన్నారు. తాను కట్టిన ఇంటి గోడ నెర్రె విచ్చిందని తానే చెప్పడం సామాన్యమైన సంగతి కాదు. పార్లమెంటు ఆ సలహా తీసుకోలేదు. 2013లో వచ్చిన చట్టం అంతర్గత కమిటీనే ఉంచింది. కాబట్టి మనకున్నది ఈ కమిటీయే. దీన్నే సరిగా నడిపించుకోవాలి.

పై చదువుల సంస్థలకు యు.జి.సి. వేరుగా నియమావళి చేసింది. దాని పేరులో 2015 అని ఉంటుంది, గెజెట్‌లో వచ్చింది 2016 మే నెలలో. విద్యార్థి సంఘం నాయకులంతా దాన్ని ఒక్కసారైనా చదవాలని నా కోరిక. కమిటీలో ఎవరుండాలో అది చెబుతుంది. యూనివర్శిటీలో అయితే ప్రొఫెసర్ హోదాకు, కాలేజీలో అయితే అసోసియేట్ ప్రొఫెసర్ లేదా రీడర్ హోదాకు తగ్గని ఒక మహిళ అధ్యక్షురాలు. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర ఉద్యోగులు. విషయం విద్యార్థులకు సంబంధించినదైతే ముగ్గురు విద్యార్థులు: డిగ్రీ నుంచి ఒకరు, పి.జి. నుంచి ఒకరు, పరిశోధక విద్యార్థుల నుంచి ఒకరు. బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు. మొత్తం మీద సగం మందికి తగ్గకుండా స్త్రీలు.

ఎవరు ఉండకూడదో కూడా చెబుతుంది, నా దృష్టిలో ఇదే ముఖ్యం. ఉపకులపతి, రెక్టారు, రిజిస్ట్రారు, డీన్లు, శాఖాధిపతులు మొదలైన పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు ఈ కమిటీలో సభ్యులు కారాదు. కారణం తేలిగ్గానే తెలుస్తుంది. సంస్థ పేరు కాపాడడం ఎవరి ఉద్యోగమో వాళ్ల చేతిలోనే సంస్థ మీద వచ్చిన ఫిర్యాదు పెడితే, వాళ్లు ఎంత మంచివాళ్లయినా రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్లే. వాళ్ల పని కమిటీ నివేదిక అందాక మొదలవుతుంది.

గడువుల సంగతి. జరిగిన 3 నెలల లోపల ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు పొడిగించవచ్చు. రాసి ఇవ్వలేని స్థితిలో ఉంటే కమిటీ సభ్యులే రాయడానికి సాయపడాలి. శారీరకంగానో మానసికంగానో ఆమె ఇవ్వలేకపోతే స్నేహితులు, బంధువులు, సహవిద్యార్థులు ఇవ్వవచ్చు. ఫిర్యాదు అందిన 7 రోజుల్లో దాని ప్రతి అవతలివారికి చేరాలి. వాళ్లు 10 రోజుల్లో జవాబివ్వాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి, ఆ తర్వాత 10 రోజుల్లో నివేదిక, అది అందిన 30 రోజుల్లో చర్య. సెమిస్టరు పద్ధతిలో చదివేవాళ్లకు 90 రోజులంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ పిల్ల ఆ సెమిస్టరంతా అదే వరండాలో, అదే లాబొరేటరీలో తిరగాలి. అందుకే మధ్యలో చేయదగ్గ ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. ఎవరిమీద ఫిర్యాదు ఉందో ఆ అధ్యాపకుడు ఆమె పేపర్లు దిద్దకుండా, మార్కులు వెయ్యకుండా ఆపవచ్చు. దూరంగా ఉండమని హెచ్చరించవచ్చు. అవసరమైతే కేంపస్‌లోకి రాకుండా చెయ్యవచ్చు. ఆమెకు 3 నెలల దాకా సెలవు ఇవ్వవచ్చు. నేను గమనించినంతవరకు ఈ నాలుగింటిలో చివరిదొక్కటే మన ఆఫీసులకు వెంటనే గుర్తుకొస్తుంది. "ఇంటికెళ్లి కొన్నాళ్లు రెస్టు తీసుకో అమ్మా" అని.

ఇక రాజీ. నేను లోగడ పనిచేసిన ఒక కాలేజీలో జరిగింది చెబుతాను. ఊరూ పేర్లూ వద్దు. ప్రాక్టికల్స్ చూసే ఉద్యోగి మీద రెండో సంవత్సరం అమ్మాయి ఫిర్యాదు రాసిచ్చింది. నోటీసు బోర్డు మీద కమిటీ ఉంది, అయితే అందులో ఇద్దరు అప్పటికే రిటైరయిపోయినవాళ్లు. కాగితం కమిటీకి పోనేలేదు. తండ్రిని పిలిపించారు. ఆయన చెప్పులు గుమ్మం బయట వదిలి లోపలికొచ్చాడు. "చూడమ్మా, పరీక్షలు నెల రోజుల్లోకి వచ్చినయ్. ఆయన తప్పయిపోయిందంటున్నాడు. మీ నాన్నగారి ఎదురుగానే చెబుతున్నాడు. ఇంతటితో వదిలెయ్" అన్నారు ప్రిన్సిపాల్ గారు. తండ్రి చేతులు జోడించి "అట్లాగే సార్, మీరెట్లా చెబితే అట్లా" అన్నాడు. అమ్మాయి ఏమీ అనలేదు. ఆమెను ఎవరూ అడగనూ లేదు. ఏడాది తిరక్కుండా టి.సి. తీసుకుని వెళ్లిపోయింది. అడ్మిషన్ రిజిస్టర్లో ఆమె పేరు ఎదురుగా "కుటుంబ కారణాల వల్ల" అని రాసి ఉంది. కార్నెల్‌లో "వ్యక్తిగత కారణాలు", ఇక్కడ "కుటుంబ కారణాలు".

చట్టంలోనూ రాజీకి చోటుంది. కాని అది ఆమె కోరితేనే, కమిటీ ద్వారానే జరగాలి, డబ్బు ముట్టజెప్పి కుదిర్చే రాజీ చెల్లదు. ఈ చోటు కూడా ఉండకూడదన్నారు వర్మ కమిటీ వాళ్లు. పైన చెప్పినటువంటి గదుల్లో "ఆమె కోరితేనే" అన్న మాటకు ఎంత విలువ ఉంటుందో చూస్తే వాళ్లదే సబబనిపిస్తుంది. ఇంకో సంగతి. అత్యాచారం, వెంటపడడం, చాటుగా ఫొటోలు తీయడం వంటివి కమిటీతో ముగిసిపోయేవి కావు. అవి శిక్షాస్మృతిలోని నేరాలు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది, అందులో లైంగిక వేధింపు 75వ సెక్షను, వెంటపడడం 78వ సెక్షను. ఆమె పోలీసు ఫిర్యాదు ఇవ్వదలిస్తే సాయపడడం సంస్థ విధి. కమిటీ ఉంది కదా, పోలీసులెందుకు అనడానికి ఏ ప్రిన్సిపాల్‌కీ అధికారం లేదు.

ఇంతవరకు ఆఫీసు గది నుంచి వచ్చే మాట గురించి చెప్పాను. గేటు దగ్గర నుంచి వచ్చే మాట వల్ల ఏమవుతుందో చూపడానికి గోవా విశ్వవిద్యాలయం కేసు కంటే మంచి పాఠం లేదు. 2009లో అక్కడి ఒక శాఖాధిపతి మీద విద్యార్థినులు ఫిర్యాదు చేశారు. కమిటీ విచారణ మొదలుపెట్టింది. మే నెలలో వెంటవెంటనే, ఊపిరి తీసుకోనీయకుండా వాయిదాలు వేసింది. ఆయన గడువు అడిగితే ఇవ్వలేదు, చివరకు ఆయన లేకుండానే ముగించి జూన్ 5న దోషి అని నివేదిక ఇచ్చింది. 2010 జనవరిలో ఉద్యోగం తీసేశారు. బొంబాయి హైకోర్టు 2012లో అది సరేనంది. 2023 మే 12న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆయన నిర్దోషి అని కోర్టు అనలేదు. అవతలి పక్షం తన వాదన చెప్పుకోవడానికి తగిన అవకాశం ఇవ్వకుండా హడావిడిగా ముగించారు, సహజ న్యాయ సూత్రాలు పాటించలేదు, కాబట్టి మళ్లీ విచారించండి అంది.

లెక్క వేసుకోండి. 2009లో ఫిర్యాదు, 2023లో మళ్లీ మొదటికి. 14 ఏళ్లు. ఆ విద్యార్థినులు ఈపాటికి ఉద్యోగాల్లో, సంసారాల్లో ఉండి ఉంటారు. ఇప్పుడు మళ్లీ పిలిచి ఆ రోజు ఏం జరిగిందో చెప్పమనాలి. కమిటీ ఆనాడు ఇంకో నెల ఓపిక పడితే సరిపోయేది. ఇక్కడ కొందరు విద్యార్థి మిత్రులకు కోపం వస్తుందని తెలుసు. వేధించినవాడికి కూడా గడువులూ అవకాశాలూ ఏమిటని అడుగుతారు. ఆ అవకాశం అతనికి చేసే మర్యాద కాదు నాయనా. ఆమెకు దక్కిన తీర్పును పై కోర్టులో ఎవరూ పడగొట్టకుండా వేసే పునాది. నోరు నొక్కడం వల్ల ఎంత నష్టమో, తొందరపాటు వల్లా అంతే నష్టం. రెంటి భారమూ చివరికి ఫిర్యాదు ఇచ్చిన మనిషి మీదే పడుతుంది.

ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరిలో ఒకరు జస్టిస్ హిమా కోహ్లీ. 2021లో తెలంగాణ హైకోర్టుకు మొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా ఉండి ఢిల్లీ వెళ్లినావిడే. చట్టం వచ్చి పదేళ్లయినా అమలు ఇలా ఉందేమిటని ఆ తీర్పులోనే విచారం వెలిబుచ్చారు. 30 జాతీయ క్రీడా సమాఖ్యల్లో 16 చోట్ల కమిటీయే లేదన్న పత్రికా వార్తను ఎత్తి చూపి, విశ్వవిద్యాలయాలతో సహా అన్ని సంస్థలూ కమిటీల వివరాలు బయటపెట్టాలని ఆదేశించారు.

అబద్ధపు ఫిర్యాదుల మాట ప్రతి సెమినార్లోనూ ఎవరో ఒకరు లేవదీస్తారు. చట్టంలో దానికి సెక్షన్ ఉంది, 14వది. కాని అదే సెక్షను, ఫిర్యాదును రుజువు చేయలేకపోయినంత మాత్రాన శిక్ష లేదని కూడా చెబుతుంది. తెలిసి, దురుద్దేశంతో అబద్ధం ఆడారని విడిగా విచారించి తేల్చాలి. ఈ రెండో భాగాన్ని మాత్రం సెమినార్లో ఎవరూ చదవరు.

మొదట్లో భద్రత అన్న మాటతో పేచీ ఉందన్నాను. ఏదైనా జరిగినప్పుడు మన సంస్థలు మొట్టమొదట చేసేది అమ్మాయిల హాస్టలు గేటు ఒక గంట ముందుగా మూయడం. దాని పేరు భద్రత. అబ్బాయిల హాస్టలు గేటు మాత్రం ఎప్పట్లాగే ఉంటుంది. 2017 సెప్టెంబరులో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థిని తనను కేంపస్‌లోనే మోటారు సైకిలు మీద వచ్చినవాళ్లు అవమానించారని చెబితే, ఆ వేళప్పుడు బయట ఎందుకున్నావని అడిగారన్నది విద్యార్థినుల ఆరోపణ. వాళ్లు ధర్నాకు కూర్చున్నారు. 23వ తేదీ రాత్రి లాఠీచార్జీ జరిగింది. వాళ్లు అడిగింది వీధి దీపాలు, బాధ్యతగల కాపలా, ఫిర్యాదు వినే మనిషి. యు.జి.సి. నియమావళి ఈ విషయంలో సూటిగానే ఉంది: భద్రత పేరు చెప్పి అబ్బాయిలకు లేని వివక్షాపూరిత నియమాలు అమ్మాయిల హాస్టళ్లలో పెట్టకూడదు, కేంపస్ భద్రత పేరిట స్త్రీల రాకపోకలను అదుపు చేయకూడదు. గేటు మూయడం ఫిర్యాదుకు జవాబు కాదు. ఆమె పుస్తకాల కోసం లైబ్రరీలో గడిపే రెండు గంటలు పోతాయి, అంతే.

నియమావళి మరో మాట కూడా అంటుంది. ఎక్కువగా స్త్రీలు, కొంతవరకు మగ విద్యార్థులు, మూడో లింగానికి చెందినవారు కూడా ఇటువంటి హింసకు గురికాగలరని గుర్తించమంటుంది. ర్యాగింగ్ పేరుతో జూనియర్ కుర్రాళ్లమీద హాస్టలు గదుల్లో జరిగే కొన్ని పనులకు ఏ పేరు పెట్టాలో ఇంకా ఎవరికీ తోచినట్లు లేదు.

ఇక లెక్కల సంగతి. ప్రతి సంస్థా ఏటా ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని తేలాయో నివేదిక పంపాలి. ఆ గడిలో సున్నా రాసి పంపడం గర్వకారణమని కొందరి నమ్మకం. ఈ సున్నా గురించి అమెరికా అనుభవం చూడదగ్గది. అక్కడ కేంపస్ నేరాల అంకెలు ప్రచురించాలని 1990లో చట్టం వచ్చింది. 2015 సంవత్సరానికి కాలేజీలు ఇచ్చిన అంకెలను అక్కడి యూనివర్శిటీ స్త్రీల సంఘం పరిశీలిస్తే, 89 శాతం కేంపస్‌లు ఆ ఏడాది తమ దగ్గర ఒక్క అత్యాచారం ఫిర్యాదు కూడా లేదని రాశాయి. 2019లో 33 విశ్వవిద్యాలయాల్లో 1 లక్షా 80 వేల మందికి పైగా విద్యార్థులను సర్వే చేస్తే, డిగ్రీ చదివే అమ్మాయిల్లో దాదాపు నలుగురిలో ఒకరు తమ సమ్మతి లేని లైంగిక చర్యకు గురయ్యామన్నారు. సున్నా ఎక్కడ నుంచి వచ్చినట్టు? ఫిర్యాదు పెట్టె తాళానికి తుప్పు పట్టిన చోట సున్నా వస్తుంది. నన్నడిగితే, మొదటి రెండు మూడేళ్లు ఫిర్యాదుల సంఖ్య పెరిగిన కాలేజీలోనే కమిటీ పనిచేస్తున్నదని నమ్ముతాను.

చివరిగా విద్యార్థి సంఘం వారికి నేరుగా సంబంధించిన విషయం ఒకటి మిగిలింది. కమిటీలోని ముగ్గురు విద్యార్థి సభ్యులను పారదర్శకమైన ప్రజాస్వామిక పద్ధతిలో ఎన్నుకోవాలని యు.జి.సి. నియమావళిలో ఉంది. క్లాసులో ఫస్టు వచ్చిన అమ్మాయిని పిలిచి "నీ పేరు రాశాను" అని చెప్పడం ఎన్నిక కాదు. మూడేళ్లకోసారి కమిటీ మారాలి. ఏటా మూడోవంతు సభ్యులు మారేటట్లు చేసుకునే వీలు కూడా ఉంది. కల్చరల్ సెక్రటరీకి, స్పోర్ట్స్ సెక్రటరీకి నామినేషన్లు వేసే రోజునే ఈ మూడు స్థానాలకూ నామినేషన్లు పిలవమని ప్రిన్సిపాల్ గారికి సంఘం ఒక అర్జీ ఇవ్వవచ్చు. దానితోపాటే నోటీసు బోర్డు దగ్గర నిలబడి, అక్కడున్న సభ్యుల్లో ఎవరు ఇంకా సర్వీసులో ఉన్నారో, ఎవరి ఫోను మోగుతుందో ఒకసారి చేసి చూడండి.